బ్యాండ్‌లో మీ గిటార్ వినిపించాలంటే ఎలాంటి సెటప్ ఎంచుకోవాలి?

ఇంట్లో గంటల తరబడి కూర్చుని సెట్ చేసుకున్న టోన్, డ్రమ్స్ మొదలవగానే ఎటు పోయిందో తెలియదు. వాల్యూమ్ పెంచితే సింగర్ వెనక్కి తిరిగి చూస్తాడు. తగ్గిస్తే మీకే వినపడదు. కాలేజీ ఫెస్టుల్లో, చర్చిల్లో, హైదరాబాద్ పబ్బుల్లో వాయించే మన కుర్రాళ్లలో చాలామందికి ఈ టెన్షన్ తెలుసు. ఇంకా పెద్ద యాంప్ కొంటేనో, ఇంకా ఖరీదైన ప్రాసెసర్ (యాంప్, పెడల్స్ శబ్దాలను డిజిటల్‌గా ఇచ్చే పెట్టె) కొంటేనో తీరిపోతుందనుకుంటారు. అలా తీరదు. ఒంటరిగా వాయించినప్పుడు ఎంత బాగుందని చూసి కొన్న సెటప్, పదిమంది మధ్య పనికొస్తుందన్న నమ్మకం లేదు. మిగతా వాద్యాలు వదిలిన జాగాలో ఇమిడేది కావాలి. గిటార్, యాంప్, పెడల్స్ (కాలితో తొక్కి శబ్దం మార్చే చిన్న పెట్టెలు), ప్రాసెసర్ అన్నీ ఆ లెక్కలోనే ఎంచుకోవాలి.

ముందు బ్యాండ్‌లో ఖాళీ ఎక్కడుందో చూడండి

గిటార్‌లో అన్నిటికన్నా మందమైన E తీగ 82 హెర్ట్జ్ (సెకనుకు 82 కంపనాలు) దగ్గర మోగుతుంది. బేస్ గిటార్ E తీగ దానికి సగం, 41 హెర్ట్జ్. కిక్ డ్రమ్ గుండెకు తగిలే దెబ్బ సుమారు 50 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే 100 హెర్ట్జ్ కింద ఇప్పటికే ఇద్దరు కాపురం పెట్టేశారు, మూడో మనిషికి చోటు లేదు. పైన 5 కిలోహెర్ట్జ్ దాటితే అంతా సింబల్స్‌దే. సింగర్ మాట స్పష్టంగా తెలిసేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యలో. అక్కడ గిటార్ అడ్డొస్తే గొంతు వినిపిస్తుంది కానీ సాహిత్యం అర్థం కాదు. ఇక మిగిలింది 400 నుంచి 2000 హెర్ట్జ్ దాకా ఉన్న మధ్య భాగం. మనం మిడ్స్ అంటామే, అవి. గిటార్ గిటార్‌లా వినిపించేది అక్కడే. ఇంట్లో చాలామంది మొట్టమొదట తగ్గించేది కూడా దాన్నే.

మన బ్యాండ్లలో ఇంకో సంగతి ఉంది. యూట్యూబ్‌లో టోన్ పాఠాలు చెప్పేవాళ్లలో చాలామంది గిటార్, బేస్, డ్రమ్స్ ఉన్న ముగ్గురి బ్యాండ్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతారు. మన దగ్గర కీబోర్డ్ లేని బ్యాండ్ అరుదు. సినిమా పాటలు వాయిస్తే కొన్నిసార్లు రెండు కీబోర్డులు, పక్కన ప్యాడ్స్ వాయించే ఆయన, తబలానో ఫ్లూటో అదనం. కీబోర్డ్ ఎడమచెయ్యి పట్టే కార్డ్స్, స్ట్రింగ్స్ సౌండ్ మీ గిటార్ కింది సగాన్ని పూర్తిగా కప్పేస్తాయి. ప్యాడ్స్‌లో ఢోలక్ శబ్దాలు మిడ్స్‌లోకే వస్తాయి. ముగ్గురి బ్యాండ్‌కు నప్పిన లావుపాటి టోన్ ఇక్కడ బురద అయిపోతుంది.

కాబట్టి ఏదైనా కొనే ముందు మీరు ఎక్కువగా వాయించే పాటలు ఐదారు తీసుకుని, ఏ పాటలో ఎవరు ఏ స్థాయిలో వాయిస్తున్నారో కాగితం మీద రాసుకోండి. కీబోర్డ్ ఆయనతో మాట్లాడండి. "అన్నా, బేస్ ఉన్న పాటల్లో ఎడమచెయ్యి కొంచెం తగ్గిస్తావా, నేను పై మూడు తీగల మీద కార్డ్స్ వాయిస్తాను" అంటే కాదనేవాళ్లు తక్కువ. పైసా ఖర్చు లేని ఈ ఒక్క మాటతో వచ్చే మార్పు ఒక్కోసారి కొత్త యాంప్‌తో కూడా రాదు.

మీ శబ్దం జనం దాకా ఎలా వెళ్తుంది?

మూడు దారులున్నాయి. చిన్న పబ్బు, జామ్ రూమ్ అయితే యాంప్ శబ్దమే నేరుగా జనానికి. పెద్ద స్టేజీ అయితే యాంప్ ముందు మైక్ పెట్టి మిక్సర్‌కు పంపుతారు. చర్చిల్లో, ఫంక్షన్ హాళ్లలో యాంప్ అసలు ఉండదు, ప్రాసెసర్ నుంచి లైన్ తీసి నేరుగా మిక్సర్‌లో పెడతారు. మీరు ఎక్కువసార్లు వాయించేది ఏ పద్ధతిలోనో దాన్ని బట్టి డబ్బు పెట్టండి. నెలకు నాలుగు ఆదివారాలు చర్చిలో లైన్ ఇచ్చి వాయించే మనిషికి 100 వాట్ల యాంప్ ఇంట్లో స్టూల్‌లా పనికొస్తుంది తప్ప వేరే ఉపయోగం లేదు. అదే డబ్బుకు మంచి ప్రాసెసర్, మంచి మానిటరింగ్ వస్తాయి.

యాంప్ తీసుకుంటే

వాట్లు చూసి నిర్ణయించకండి. అదే స్పీకర్ మీద 50 వాట్లను 100 చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి అది కాస్త పెరిగినట్టుంటుంది, అంతే. రెట్టింపు శబ్దం అనిపించాలంటే దాదాపు పదింతల పవర్ కావాలి. స్పీకర్ సున్నితత్వం, అంటే అదే పవర్‌కు అది ఎంత గట్టిగా మోగుతుందన్నది, ఇక్కడే కలిసొస్తుంది. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ స్పీకర్‌కు కంపెనీ చెప్పే అంకె 98 డెసిబెల్స్, వింటేజ్ 30కి 100. ఆ రెండు డెసిబెల్స్ తేడాను వాట్లతో పూడ్చాలంటే పవర్ ఒకటిన్నర రెట్లు పెంచాలి.

గట్టిగా కొట్టే డ్రమ్మర్ పక్కన నిలబడాలంటే, ట్యూబ్ యాంప్ అయితే 15 నుంచి 30 వాట్లు, ఒక 12 అంగుళాల స్పీకర్ చాలు. క్లీన్ టోన్ (డిస్టార్షన్, అంటే పగిలిన శబ్దం లేనిది) అస్సలు పగలకూడదంటే ఇంకొంచెం పెద్దది కావాలి. ట్రాన్సిస్టర్ యాంప్ అయితే 50 నుంచి 100 వాట్లు చూడండి. 8 అంగుళాల స్పీకర్ ఉన్న ప్రాక్టీస్ యాంప్ డ్రమ్స్ ముందు నిలవదు. ఇల్లు, స్టేజీ రెండింటికీ ఒకటే కావాలంటే పవర్ తగ్గించే స్విచ్ ఉన్నది మేలు. బాస్ కంపెనీ కటానా 50లో అర వాట్ దాకా దించుకోవచ్చు.

యాంపుల స్వభావాలు వేరు. ఫెండర్ క్లీన్‌లో బేస్, ట్రెబుల్ పైకి లేచి మధ్యలో పల్లం ఉంటుంది. సింగర్‌కు దారి వదిలే చక్కని టోన్ అది, కానీ కీబోర్డ్ నిండుగా ఉన్న బ్యాండ్‌లో ఆ పల్లంలోనే మునిగిపోతుంది. ఫెండర్ వాళ్ల 22 వాట్ల డీలక్స్ రెవర్బ్‌కు అసలు మిడ్ నాబ్ కూడా లేదు. మార్షల్ మిడ్స్‌ను ముందుకు తోస్తుంది, అందుకే రాక్ రిథమ్‌కు అది నిలబడింది. వాక్స్ ఏసీ30 మెరుపు మిడ్స్ పై భాగంలో, ట్రెబుల్‌లో ఉంటుంది. స్ట్రమ్మింగ్ కార్డ్స్ విడివిడిగా వినిపిస్తాయి. స్టేజీల మీద అద్దెకు తెచ్చి పెట్టే వాటిలో రోలాండ్ జేసీ-120 తరచూ కనిపిస్తుంది. 1975లో వచ్చిన ఈ ట్రాన్సిస్టర్ యాంప్‌లో 60 వాట్లవి రెండు, 12 అంగుళాల స్పీకర్లు రెండు. ఎంత పెంచినా క్లీన్‌గానే ఉంటుంది కాబట్టి పెడల్స్ వాడేవాళ్లకు నమ్మకంగా పనిచేస్తుంది. దాని ట్రెబుల్ మాత్రం చెవిలో గుచ్చుకుంటుంది, ముందే తగ్గించి మొదలుపెట్టండి.

బ్యాండ్‌లో రెండో గిటార్ ఉంటే ఇద్దరూ ఒకే రకం కొనవద్దు. ఒకరిది మార్షల్ తరహా, హంబకర్ (తీగల కంపనాన్ని పట్టే పికప్‌లో రెండు చుట్టలున్నది) గిటార్ అయితే ఇంకొకరిది ఫెండర్ లేదా వాక్స్ తరహా, సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న పికప్) ఉంటే రెండూ విడిగా వినిపిస్తాయి. వాయించే చోటు కూడా మార్చుకోండి. ఒకరు ఓపెన్ కార్డ్స్ పడితే ఇంకొకరు కాపో (మెడ మీద తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్) పెట్టుకోవాలి, లేదా పై తీగల మీదికి వెళ్లాలి.

ప్రాసెసర్ తీసుకుంటే

ఇందులో ధర కన్నా ముఖ్యం, దాన్ని దేనికి కలుపుతున్నారనేది. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన శబ్దాన్ని బాగా కోసేస్తుంది. డిస్టార్షన్‌లో ఉండే దోమ రొదలాంటి భాగం అక్కడే పోతుంది. మిక్సర్‌కు నేరుగా పంపేటప్పుడు ఆ పని ప్రాసెసర్‌లోని క్యాబినెట్ సిమ్యులేషన్ చెయ్యాలి, అది ఆన్‌లో ఉండాలి. అదే ప్రాసెసర్‌ను గిటార్ యాంప్‌కు కలిపితే అక్కడ నిజమైన స్పీకర్ ఉంది కాబట్టి సిమ్యులేషన్ ఆఫ్ చెయ్యాలి. లేకపోతే ఒక స్పీకర్ లోపల ఇంకో స్పీకర్ పెట్టినట్టయి శబ్దం మూసుకుపోతుంది. వీలైతే యాంప్ ముందు ఇన్‌పుట్‌లో కాకుండా వెనక ఎఫెక్ట్స్ లూప్ రిటర్న్‌లో పెట్టండి, యాంప్ సొంత ప్రీయాంప్ (టోన్ మలిచే మొదటి భాగం) దాటిపోతుంది.

కొనేటప్పుడు మూడు చూడండి. మైక్ కేబుల్ పట్టే ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్ ఉందా? అన్ని ప్యాచ్‌లకూ (దాచుకున్న సెట్టింగ్‌లకూ) ఒకేసారి వర్తించే గ్లోబల్ ఈక్యూ (బేస్, మిడ్స్, ట్రెబుల్ సర్దేది) ఉందా? బయటి ఐఆర్ ఫైళ్లు (నిజమైన స్పీకర్ స్వభావాన్ని నమోదు చేసినవి) లోడ్ అవుతాయా? ఈ మూడూ ఉంటే లైన్ 6 హీలిక్స్ ఎల్‌టీ అయినా, తక్కువ ధరలో వాలెటన్ అయినా బ్యాండ్‌కు పనికొస్తుంది. వందల కొద్దీ రెడీమేడ్ ప్యాచ్‌లను చూసి కొనకండి. అవి హెడ్‌ఫోన్స్‌లో ఒంటరిగా వింటే అదిరిపోయేలా తయారుచేసినవి, నిండా రెవర్బ్, డిలే, కింద బేస్. ఖాళీ ప్యాచ్‌తో మొదలుపెట్టి ఒక యాంప్, ఒక క్యాబ్ (స్పీకర్ సిమ్యులేషన్), ఒక ఓవర్‌డ్రైవ్ (తేలికపాటి డిస్టార్షన్), కొద్దిగా డిలే పెట్టుకుంటే చాలు. అవుట్‌పుట్ మోనోలో పెట్టండి. స్టీరియో కోరస్‌ను మిక్సర్‌లో ఒకే ఛానల్‌లో కలిపితే రెండు వైపులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని టోన్ పలచబడుతుంది.

గిటార్, పికప్

ఉన్న గిటార్‌తోనే చాలా చెయ్యొచ్చు. నెక్ పికప్ (మెడ దగ్గరిది) ఇంట్లో తియ్యగా, నిండుగా ఉంటుంది, బ్యాండ్‌లో బేస్ గిటార్‌తో కలిసిపోతుంది. బ్రిడ్జ్ పికప్ (తీగలు బిగించే చివర ఉన్నది) ఒంటరిగా కటువుగా అనిపిస్తుంది, బ్యాండ్‌లో సరిగ్గా సరిపోతుంది. స్ట్రాటోకాస్టర్ గిటార్ పికప్ స్విచ్ రెండు, నాలుగు స్థానాల్లో మిడ్స్ పల్చగా ఉంటాయి. తేలికపాటి క్లీన్ రిథమ్‌కు అవి భేష్. సోలోకు మాత్రం అక్కడినుంచి కదలండి.

ఎలక్ట్రో-అకౌస్టిక్ వాయించేవాళ్లు మనలో ఎక్కువ. ఆ గిటార్ స్టేజీ మీద గీ పెట్టేది (ఫీడ్‌బ్యాక్) సాధారణంగా 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య. సౌండ్‌హోల్‌కు రబ్బరు మూత పెట్టి, మిక్సర్‌లో 150 హెర్ట్జ్ కింద కోసేయమని చెప్పండి. ఒంటరిగా వింటే పీలగా ఉందే అని భయపడకండి, ఫుల్ బ్యాండ్‌లో దాని పని తీగల మీద పిక్ చప్పుడుతో లయ నిలబెట్టడమే. లైన్ మాత్రం డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చే పెట్టె) ద్వారా ఇవ్వండి.

పెడల్స్‌లో ముందు కొనాల్సినవి రెండే

మొదటిది ఓవర్‌డ్రైవ్. ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్ ఇన్నేళ్లుగా ఇంతమంది కాళ్ల దగ్గర ఎందుకుందంటే, అది బేస్‌ను తగ్గించి 720 హెర్ట్జ్ ప్రాంతాన్ని పైకి లేపుతుంది. బ్యాండ్‌లో గిటార్‌కు మిగిలిన జాగా అదే. ఒంటరిగా వాయిస్తే ముక్కుతో పాడినట్టు ఉంటుంది, డ్రమ్స్, బేస్ కలిశాక అదే స్పష్టతవుతుంది. ఆ సర్క్యూట్‌ను అనుసరించి చాలా కంపెనీలు తక్కువ ధరకే చేస్తున్నాయి. దీనికి పూర్తి వ్యతిరేకం బిగ్ మఫ్. గోడలాంటి శబ్దం ఇస్తుంది, కానీ మిడ్స్ తవ్వేస్తుంది. అదంటే ఇష్టమైతే వాడండి, తర్వాత మిడ్స్ తిరిగి లేపే ఏర్పాటు ఉండాలి.

రెండోది ఈక్యూ పెడల్. దీన్ని కొనేవాళ్లు తక్కువ, నా దృష్టిలో మాత్రం పెడల్‌బోర్డు మీద అన్నిటికన్నా ఉపయోగపడేది ఇదే. బాస్ కంపెనీ జీఈ-7లో 100 హెర్ట్జ్ నుంచి 6.4 కిలోహెర్ట్జ్ దాకా ఏడు స్లైడర్లు, ఒక్కోటి 15 డెసిబెల్స్ పైకీ కిందికీ జరుగుతాయి. దాన్ని సోలో బూస్ట్‌గా ఇలా సెట్ చేసుకోవచ్చు: 100 కొంచెం కిందికి, 800 స్లైడర్ నాలుగైదు డెసిబెల్స్ పైకి, 1.6 కిలోహెర్ట్జ్ రెండు మూడు పైకి, మొత్తం లెవెల్ మూడు డెసిబెల్స్ పైకి. డిస్టార్షన్ తర్వాత పెట్టండి. డిస్టార్షన్‌కు ముందు పెడితే గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) పెరుగుతుంది, శబ్దం పెద్దగా పెరగదు. సోలో వచ్చేసరికి బూస్ట్ తొక్కినా వినపడలేదని బాధపడేవాళ్లలో చాలామంది పెడల్ వరసలో ఇదే తేడా ఉంటుంది.

సెట్టింగ్స్ జామ్ రూమ్‌లోనే చెయ్యండి

చిన్న వాల్యూమ్‌లో మన చెవి బేస్‌నూ ట్రెబుల్‌నూ తక్కువగా పట్టుకుంటుంది. ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకే ఇంట్లో తెలియకుండానే బేస్, ట్రెబుల్ పెంచి మిడ్స్ తగ్గిస్తాం. అదే సెట్టింగ్‌ను స్టేజీ వాల్యూమ్‌కు తీసుకెళ్తే కింద గుమ్మని మోత, పైన కోత. కాబట్టి ఇంట్లో చేసింది ముసాయిదా మాత్రమే. అసలు పని బ్యాండ్ వాయిస్తుండగా చెయ్యాలి.

నాబులన్నీ సగంలో పెట్టండి. మీకు బాగా వచ్చిన ఒక పాట కోరస్‌ను అందరితో కలిసి మళ్లీ మళ్లీ వాయించండి, మీరు మాత్రం మధ్యమధ్య ఆగి నాబ్ తిప్పండి. ముందు బేస్ నాబ్‌ను సున్నాకు తెచ్చి నెమ్మదిగా పెంచండి. బేస్ గిటార్ నోట్లు మసకబారడం మొదలైన చోట ఆగి, అక్కడినుంచి ఒక గీత వెనక్కి. తర్వాత మిడ్. దాన్నీ కిందినుంచి పెంచుతూ రండి. ఒకచోట వాల్యూమ్ ముట్టకుండానే గిటార్ ముందుకొచ్చి నిలబడుతుంది, మీ చెవికే తెలుస్తుంది. అది చాలాసార్లు సగానికి పైనే ఉంటుంది. చివర ట్రెబుల్, ప్రెజెన్స్ (పై భాగపు మెరుపును సర్దే నాబ్). సింగర్ పాడుతుండగా పెంచి, మాటలు చెదిరేముందు ఆపండి. ప్రాసెసర్‌లో అయితే 80 నుంచి 120 హెర్ట్జ్ మధ్య లో-కట్ (అంతకన్నా కిందిది కోసేది), 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య హై-కట్ (పైది కోసేది) పెట్టండి. బురదగా ఉంటే 250 నుంచి 400 మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి వినండి.

ఆ తర్వాత గెయిన్. మీరు అనుకున్న దానికన్నా తగ్గించండి. డిస్టార్షన్ పెరిగేకొద్దీ పిక్ దెబ్బకూ దాని తర్వాతి శబ్దానికీ తేడా చెరిగిపోతుంది, ఆ దెబ్బ లేకపోతే డ్రమ్స్ మధ్య గిటార్ ఆనవాలు ఉండదు. రికార్డుల్లో వినే లావుపాటి డిస్టార్షన్ చాలాసార్లు ఒకే భాగాన్ని రెండుసార్లో నాలుగుసార్లో వాయించి కలిపినది, ఒక్కో ట్రాక్ విడిగా వింటే గెయిన్ ఆశ్చర్యపోయేంత తక్కువ. రెవర్బ్ కూడా అంతే. టైల్స్ నేల, రేకుల కప్పు ఉన్న ఫంక్షన్ హాల్ తానే కావలసినంత ప్రతిధ్వని ఇస్తుంది, మీరు ఇంకా కలపనక్కర్లేదు.

ఒక పాట మొత్తం ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి. ఫోన్ మీ యాంప్ దగ్గర కాదు, జనం నిలబడే చోట పెట్టాలి. వింటున్నప్పుడు మీ గిటార్ బాగుందా అని చూడకండి. మాటలు తెలుస్తున్నాయా, బేస్ నోట్లు విడిగా ఉన్నాయా, గిటార్ ఏ కార్డ్ పట్టిందో చెప్పగలుగుతున్నామా, ఈ మూడే చూడండి. మూడింటికీ అవునని వస్తే సెటప్ కుదిరినట్టే.

షాపులో కొనేటప్పుడు కూడా ఇదే సూత్రం. మీ గిటార్ మీరే పట్టుకెళ్లండి. గిటార్ లేని కరావోకే ట్రాక్ ఒకటి ఫోన్‌లో ఉంచుకుని, షాపులో ఉన్న స్పీకర్‌లో గట్టిగా పెట్టమని అడిగి దానితో కలిసి వాయించండి. ఒంటరిగా అదరగొట్టిన యాంప్ ఆ ట్రాక్ ముందు మాయమైతే వదిలెయ్యండి.

స్టేజీ మీద

12 అంగుళాల స్పీకర్ ట్రెబుల్‌ను టార్చ్ వెలుగులా సూటిగా పంపుతుంది. నేల మీద పెడితే అది మీ మోకాళ్లకు, ముందు వరసలోవాళ్ల చెవులకు తగులుతుంది. మీకు మసకగా, వాళ్లకు కోతగా వినిపిస్తుంది. యాంప్‌ను కుర్చీ మీద పెట్టండి, లేదా వెనక్కి వాల్చి మీ చెవికేసి తిప్పండి. అప్పుడు ట్రెబుల్, వాల్యూమ్ రెండూ మీరే తగ్గిస్తారు. మైక్ పెడితే, ష్యూర్ ఎస్‌ఎం57 లాంటి డైనమిక్ మైక్‌ను యాంప్ ముందున్న గుడ్డకు దగ్గరగా, స్పీకర్ నడిమధ్యకూ అంచుకూ మధ్యలో పెట్టమనండి. మధ్యకు జరిపితే పదును, అంచుకు జరిపితే మెత్తన. ఈక్యూ ముట్టేముందు మైక్ జరిపి చూడడం మంచిది.

కరెంటు విషయంలో అశ్రద్ధ వద్దు. అమెరికా నుంచి అన్నయ్యో బాబాయో తెచ్చిన యాంప్ 120 వోల్టులది అయితే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు, దాని వెనక రాసిన వాట్లకు రెట్టింపు సామర్థ్యమున్న స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి. వెనక 100-240 అని ఉంటే దిగులు లేదు. పెడల్స్‌లో ఎక్కువ భాగం 9 వోల్టుల, మధ్యలో నెగటివ్ ఉన్న అడాప్టర్‌తో నడుస్తాయి. డిజిటల్ పెడల్‌ను, ఓవర్‌డ్రైవ్‌ను ఒకే వైరుకు గుదిగుచ్చితే కీచుమంటుంది, విడివిడి అవుట్‌పుట్లున్న పవర్ సప్లై తీసుకోండి. హమ్ వస్తోందని ప్లగ్గు మూడో పిన్ను, అంటే ఎర్త్, ఎవరైనా తీసెయ్యమంటే ఒప్పుకోవద్దు. తీగల మీద చెయ్యి, మైక్‌కు పెదవి తగిలినప్పుడు ఆ రెండిటి మధ్య కరెంటు పారితే ప్రాణం పోతుంది. హమ్‌కు మందు డీఐ బాక్స్ మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్. స్టేజీ జనరేటర్ మీద నడుస్తుంటే, ఏమీ కలపకముందే ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి.

జామ్ రూమ్‌లో కుదిరిన నాబులను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. కొత్త హాల్లో ఆ స్థానాలతోనే మొదలుపెట్టి, సౌండ్ చెక్‌లో మొదట బేస్, తర్వాత ప్రెజెన్స్ మాత్రం ఆ గదికి తగ్గట్టు మార్చండి. మిడ్స్‌ను కదిలించకండి. సోలో బూస్ట్ లెవెల్ ఎంతో సౌండ్ ఇంజనీర్‌కు ముందే ఒకసారి తొక్కి వినిపించండి, పాట మధ్యలో ఆయన ఉలిక్కిపడి మీ ఫేడర్ దించకుండా ఉంటాడు.